నీళ్ళు దేని మీద కాస్తారమ్మా?



తోటి వైద్యులైన మీతో సీఓపీడీ గురించి మాట్లాడమన్నారు. ఇన్‌హేలర్ల సంగతి కంపెనీల వాళ్ళు మనకు చెబుతూనే ఉన్నారు కాబట్టి, నేను గాలి సంగతి ఎత్తుకుంటాను.

ఆయాసంతో వచ్చినవాళ్ళను "చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటుందా?" అని అడుగుతాం. లేదంటే అక్కడితో ఆ వాకబు అయిపోయినట్టే. అరవై దాటిన ఆడమనిషి, పొగాకు ముట్టలేదు, ఏళ్ళ తరబడి దగ్గు, పిల్లికూతలు. ఉబ్బసమని రాసి పంపేస్తాం. ఊదే పరీక్ష చేయిస్తే, మందు పీల్చాక కూడా మొదటి సెకనులో వచ్చే గాలి మొత్తం ఊదినదాంట్లో 70 శాతం ఉండదు, అంటే సీఓపీడీయే. వంట దేని మీదంటే "గ్యాసేనండి బాబూ" అంటుంది. అబద్ధం కాదు. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల గ్యాస్ పథకాలు వచ్చాయి. "మరి నీళ్ళు దేని మీద కాస్తారమ్మా?" అని అడగండి. టీ, కూర గ్యాస్ మీదే. ఇంటిల్లిపాది స్నానాల కాగు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద. సిలిండర్ ఖరీదు తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పుపట్టలేరు. తెల్లవారుజామున, మంచులో, తడి కొబ్బరిమట్టలు అంటుకోక పొగలు చిమ్ముతుంటే గొట్టంతో ఊదేది ఈమే.

ఫోన్‌లో మన ఊరి గాలి బాగానే చూపిస్తోందిగా అంటారేమో. 2015లో మొదలైన మన జాతీయ వాయు నాణ్యతా సూచికలో 51 నుంచి 100 వరకు "సంతృప్తికరం". ఆ 100 అంటే ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల పీఎం 2.5, అదీ 24 గంటల సగటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. 100 దాటి 200 లోపుంటే "మధ్యస్థం". ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకు ఆ స్థాయిలోనే ఇబ్బంది కలగవచ్చని ఆ సూచికే చెబుతుంది. పైగా అది కొలిచే యంత్రం దగ్గరి లెక్క, పెరట్లో పొయ్యి ముందుది కాదు.

ఆరోగ్యవంతుడి గొంతు, శ్వాసనాళాలు దుమ్మును చాలావరకు కఫంతో బయటికి నెట్టేస్తాయి. సీఓపీడీ ఉన్నవాళ్ళలో ఆ కఫాన్ని నెట్టే సన్నని నూగు ముందే దెబ్బతిని ఉంటుంది. లోపలికి పోయిన సన్నని నలుసు అక్కడే ఉండి వాపు పెంచుతుంది, ఇరుకు నాళం మరింత ఇరుకవుతుంది. ఒక్కోసారి అలా జబ్బు తిరగబెట్టాక మునుపటి శక్తి పూర్తిగా రాదు.

చలికాలం తెల్లవారుజామున నేలకు దగ్గరగా చల్లగాలి, పైన వెచ్చని గాలి మూతలా ఉంటాయి. పొగ పైకి పోదు. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌లో బొగ్గుపొగ అలాగే కమ్మేసి, అప్పటి లెక్క ప్రకారమే దాదాపు 4,000 మంది పోయారు. వృద్ధులు, బ్రాంకైటిస్ ఉన్నవాళ్ళు ఎక్కువ. మనమేమో అదే వేళకు నడకకు వెళ్ళమని సలహా ఇస్తాం! ఎండెక్కాక, లారీలు తిరగని వీధిలో నడవమనండి. నడక మాత్రం మాన్పించకండి.

ఎన్95 మాస్కు మంచిదే, కానీ జబ్బు ముదిరినవాళ్ళకు దాంతో ఊపిరాడక ఇబ్బంది కావచ్చు. క్లినిక్‌లోనే కాసేపు పెట్టించి చూడండి.

భోగి వస్తోంది. మంటల్లో పిడకలు, దుంగలతోపాటు పాత టైర్లూ పడుతున్నాయి. రిలీవర్ దగ్గరుంచుకోమనండి, ఫ్లూ టీకా వేయకపోతే ఈ వారమే వేయండి. మనవడు పిడకల దండ వేయడం చూడాల్సిందేనని పెద్దాయన పట్టుబడితే, పొగ పోయే వైపు కాకుండా గాలి వచ్చే వైపు, దూరంగా కుర్చీ వేయమని కొడుక్కి చెప్పండి.