ఎర్ర దీపం చెప్పే మాట

పుణె నుండి మచిలీపట్నం దాకా సాగే 65వ నంబరు జాతీయ రహదారి పటాన్‌చెరు మీదుగా పోతున్నది. ఆ పక్కనున్న ఇంద్రేశం పరిసరాలలో కర్మాగారాలకు పోయి వచ్చే వాహనాలకు పగలనక రాత్రనక తెరపి లేదు. కారు కిరాయికి నడిపి సంసారం ఈదుకొనే వానికి ఇంజనే పంట, ఇంజనే పాడి. దానికి కాపలాగా చోదకుని ఎదుట ఒక ఎర్ర దీపం ఉన్నది. దాని మీద నూనెబుడ్డి బొమ్మ ఉంటుంది.

ఇంజనులో తిరిగే ఇరుసుకూ బేరింగులకూ నడుమ పలుచని నూనెపొర ఉండాలి. పంపు ఒత్తిడితో నూనెను అక్కడికి నెడుతుంది. ఒత్తిడి పోతే లోహం లోహాన్ని ఒరుసుకొని కొద్ది నిమిషాలలోనే ఇంజను పట్టేస్తుంది.

దీపం అమరిక సులభమైనదే. బ్యాటరీ నుండి విద్యుత్తు తాళం, దీపం దాటి ఇంజనుకు బిగించిన చిన్న స్విచ్చికి వస్తుంది. ఒత్తిడి లేనప్పుడు స్విచ్చి మూసుకొని ఉంటుంది; విద్యుత్తు ఇంజను లోహంలోకి పోయి దీపం వెలుగుతుంది. చదరపు అంగుళానికి సుమారు 4 నుండి 7 పౌనుల ఒత్తిడి రాగానే స్విచ్చి తెరుచుకొని దీపం ఆరుతుంది. కనుక దీపం ఆరినంత మాత్రాన నూనె నిండుగా ఉన్నదని కాదు. ఆ కనీసపు ఒత్తిడి ఉన్నదని మాత్రమే అర్థం.

తాళం తిప్పి, ఇంజను నడపక ముందు దీపం వెలగాలి. వెలగకపోతే సంతోషించరాదు, కాపలావాడు నిద్రపోయినట్లే. స్విచ్చి తీగను ఊడదీసి ఇంజను లోహానికి తాకించి చూడండి. అప్పుడు వెలిగితే లోపం స్విచ్చిలో ఉన్నది. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, తీగ వెదకాలి. కొన్ని కొత్త కార్లలో స్విచ్చికీ దీపానికీ మధ్య కంప్యూటరు ఉంటుంది. వాటికి ఈ పరీక్ష తగదు, తయారీదారు పుస్తకం చూడాలి.

నడుస్తుండగా దీపం వెలిగితే బండిని పక్కకు తీసి, వెంటనే ఇంజను ఆపండి. సమతలం మీద కొంతసేపు ఉంచి కడ్డీతో నూనె చూడండి. నూనె సరిగా ఉంటే, ఇంజను నడపకుండా తాళం మాత్రం తిప్పి, స్విచ్చి తీగ ఊడదీయండి. అప్పటికీ దీపం ఆరకపోతే తీగ ఎక్కడో ఒరిసి బండి లోహానికి తగులుతున్నదన్నమాట. ఆరితే తీగ మంచిదే. ఇక మిగిలినవి రెండు: స్విచ్చి చెడినదా, ఒత్తిడి నిజంగానే పడిపోయినదా?

ఇక్కడనే చాలమంది తొందరపడతారు. “స్విచ్చి పోయింది లెండి” అని కొత్తది బిగించి బండి తోలుకుపోతారు. అనుమానం తీర్చేది మాట కాదు, కొలత. స్విచ్చి విప్పి ఆ రంధ్రంలో ఒత్తిడి గేజి బిగించమని మెకానిక్కును అడగండి. తయారీదారు చెప్పిన ఒత్తిడి వస్తేనే తప్పు స్విచ్చిది. రాకపోతే బండిని నడపక లాగించుకొని పోవాలి. ఆ లాగుడు కూలి, ఇంజను విప్పి కట్టే ఖర్చు ముందు ఎంత?

రోజూ తాళం తిప్పగానే దీపం వెలిగినదా, ఇంజను అందుకోగానే ఆరినదా అని చూడండి. ఈ రెండు చూపులకు పైసా ఖర్చు లేదు.