అతుకు వేసేవాడి కార్డు



మిర్యాలగూడ వంటి చోట్ల ఉప్పుడు బియ్యం మిల్లులు చాలా ఉన్నాయి. అక్కడ ఆడవాళ్లు కల్లంలో ధాన్యం ఆరబోస్తారు. పక్కనే బాయిలరు ఉంటుంది. ఊక మండిస్తే అందులో నీరు కాగి ఆవిరి అవుతుంది. ఆ ఆవిరితోనే ధాన్యం ఉడుకుతుంది.

ఒక లీటరు నీరు ఆవిరైతే బయట దానికి సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. బాయిలరులో అంత చోటు ఎక్కడిది? అందుకే ఆవిరి గోడలను నెడుతూ ఉంటుంది. ఒక్క అతుకు బలహీనంగా ఉంటే చాలు, అక్కడ చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు పక్కన ఉండేది ఎవరు? కూలికి వచ్చిన మనుషులే.

ఇనుము అతకడాన్ని వెల్డింగు అంటారు. గొట్టం కారితే కాంట్రాక్టరు ఒక వెల్డరును పిలుచుకొస్తాడు. "పదేళ్ల అనుభవం ఉందమ్మా" అంటాడు. ఉండొచ్చు. పదేళ్లూ గేట్లు, కిటికీ చువ్వలే అతికాడేమో! బాయిలరుకు పరీక్ష పాసైన వెల్డరు కావాలి.

ఆ పరీక్ష ఎట్లా ఉంటుంది? రెండు ఇనుప ముక్కలు ఇచ్చి అతకమంటారు. చల్లారాక ఆ అతుకును బద్దలుగా కోస్తారు. ఒక్కో బద్దను యంత్రంలో పెట్టి గుర్రపు లాడం మాదిరి వంచుతారు. అతుకు దగ్గర పెద్ద పగులు వచ్చిందా, ఫెయిలే. కొన్నిచోట్ల ఎక్స్‌రే కూడా తీస్తారు. పైకి నున్నగా మెరిసే అతుకులో లోపల బుడగలు ఉండొచ్చు. గారె పైన ఎర్రగా వేగి లోపల పచ్చిగా ఉంటుంది చూడండి, అట్లా.

పాసైనవాడికి కాగితమో కార్డో ఇస్తారు. మీకిప్పుడు చదవడం వచ్చింది. చదవండి.

ముందు ఫోటో. పని చేసేటప్పుడు వెల్డరు ముఖానికి నల్ల అద్దం అడ్డం పెట్టుకుంటాడు. కార్డు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది కావచ్చు. అందుకే పని మొదలు కాకముందే ముఖాన్నీ ఫోటోనూ పోల్చి చూడాలి. తర్వాత తేదీ. ఆరు నెలలు ఆ రకం వెల్డింగు చెయ్యకపోతే మళ్లీ పరీక్షకు పోవాలి. వాడని చెయ్యి మరిచిపోతుంది కదా!

కార్డు మీద ఒక అంకె కూడా ఉంటుంది. ఏ వాటంలో అతికి పాసయ్యాడో అది చెబుతుంది. 1జీ అంటే బల్ల మీద పరిచి అతకడం. 3జీ నిలువు అతుకు. 4జీ తలపైన అతుకు. 6జీ అంటే గొట్టాన్ని ఏటవాలుగా బిగించి, కదపకుండా చుట్టూ అతకడం. ఇది చాలా కష్టం. 1జీ ఒక్కటే పాసైనవాడిని తలపైన గొట్టం అతకమంటే, కార్డు ఉన్నా లేనట్టే.

ఐటీఐ కాగితం వేరు. అది చదువుకు గుర్తు. బాయిలరుకు అదొక్కటే చాలదు. జిరాక్సు చూపితే అసలుది అడగాలి. నంబరు రాసుకుని, ఇచ్చిన ఆఫీసులో కనుక్కోవాలి.

"కూలోళ్లకు ఇవన్నీ ఎందుకు?" అని గుమాస్తా విసుక్కుంటాడు. బాయిలరు మరమ్మతు ఇష్టం వచ్చినట్టు చెయ్యకూడదని 1923లోనే చట్టం వచ్చింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. ఒక్కరే అడిగితే రేపు పనికి రావద్దంటారేమో. పదిమంది కలిసి అడగండి.

అతుకు వేసిన వెంటనే మంట పెట్టకూడదు. బాయిలరు నిండా చన్నీళ్లు పోసి, మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి చూడాలి. అతుకు చెడ్డదైతే అక్కడ నీళ్లు కారతాయి. ఆవిరిలాగా మనిషిని కాల్చవు. ఆ నీళ్ల పరీక్ష ఏ రోజు పెడతారో కూడా అడగండి.