కరెంటు పోయినా ఫిల్టర్ చావకూడదు

(ట్యాంకుల్లో చేపలు పెంచే రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు పోగానే మనం పరిగెత్తుకెళ్లి ముందు చేపను చూస్తాం. చూడాల్సిందే. కానీ అదే నీళ్లలో మన కంటికి కనబడని ఇంకో ప్రాణం కూడా ఉంది. ఫిల్టర్ డ్రమ్ములోని ప్లాస్టిక్ పూసలకు జిగురులా పట్టుకుని బతికే బాక్టీరియా అది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చాక, ఉన్న నీటినే శుభ్రం చేసి మళ్లీ మళ్లీ వాడే ఆర్.ఎ.ఎస్. యూనిట్లకూ సబ్సిడీ ఇస్తున్నారు. జనరల్ వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. మిగతాది మన డబ్బు, చాలామందికి అప్పు. చెరువులో అయితే మట్టి, నాచు, ఎండ కలిసి నీటిని చాలావరకు బాగుచేస్తాయి. ట్యాంకులో ఆ భారమంతా ఫిల్టర్ మీదే.

చేప మేత తిని అమ్మోనియా వదులుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. దానితో ప్రమాదం తక్కువ. మెట్ట చేలో యూరియా వేస్తే మట్టిలో జరిగేదీ ఇదే. గాలి ఆడితేనే ఈ పని సాగుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి వీటికి సుమారు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి.

పంపు ఆగితే మూసి ఉన్న ఫిల్టర్‌లోకి కొత్త నీరు రాదు. లోపల మురికి ఎక్కువుంటే గంట రెండు గంటల్లోనే ఆక్సిజన్ అయిపోవచ్చు. మంచి బాక్టీరియా వెంటనే అంతా చావదు, ముందు పని ఆపేస్తుంది. గాలి లేకుండా అలాగే ఉంచేస్తే మురికి కుళ్లుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఇంట్లో పిల్లలు ముచ్చటపడి పెట్టుకునే అక్వేరియం ఫిల్టర్‌లోనూ జరిగేది ఇదే.

కొర్రమీను పెంచేవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. కరెంటు పోయినా చేప కదులుతోందని మనం ధైర్యపడతాం. బాక్టీరియాకు పైకొచ్చే దారి లేదు. కరెంటు వచ్చాక మామూలుగా మేత వేస్తాం. రెండు మూడు రోజులకు చేప మేత మానేస్తుంది. అప్పుడు తప్పు మేతదనో, పిల్లదనో అనుకుంటాం.

కరెంటు పోతే ఏం చేయాలి? మొదట మేత ఆపండి. మేత లేకపోతే అమ్మోనియా తగ్గుతుంది. ఒక పూట పస్తుంటే చేప చావదు. ఇన్వర్టర్ చిన్నదైతే నీటి పంపు వదిలేసి గాలి పంపుకే కరెంటు ఇవ్వండి. దానికి పట్టే కరెంటు చాలా తక్కువ. ఆ గాలిలో ఫిల్టర్‌కూ ఒక గొట్టం పెట్టండి.

గాలి పెట్టే వీలు లేకపోతే ఫిల్టర్‌లోని నీరు బయటికి వదిలేయండి. పూసలు తడిగా ఉంటే చాలు, బయటి గాలి వాటికి సరిపోతుంది. ఎండ తగలనీయకండి. అప్పుడప్పుడు ట్యాంకు నీటినే మగ్గుతో చల్లండి. లేదా పూసల్ని వల సంచిలో కట్టి, గాలి బుడగలు వచ్చే ట్యాంకులో వేలాడదీయండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో మాత్రం కడగొద్దు. కడిగితే ఉన్నదీ పోతుంది.

కరెంటు రాగానే స్విచ్ వేయకండి. ఫిల్టర్‌లో నిలిచిన నీరంతా పారబోసి, ఆ తర్వాతే పంపు వేయండి. ఆ కుళ్లు నీరు ట్యాంకులోకి వెళితే అప్పటిదాకా బతికిన చేప అప్పుడు చస్తుంది. తర్వాత వారం రోజులు అమ్మోనియా, నైట్రైట్ రోజూ పరీక్ష చేసి, నీటిని బట్టి మేత కొద్దికొద్దిగా పెంచండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కొత్త ఫిల్టర్ తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అయితే పాలకు తోడు ఉన్నట్టే దీనికీ తోడు ఉంది. జబ్బు లేని పక్క ట్యాంకులో ఒక సంచి పూసలు ఎప్పుడూ నానుతూ ఉంటే, కష్టం వచ్చిన రైతు వాటితో త్వరగా తేరుకుంటాడు. నాలుగు యూనిట్లున్న ప్రతి ఊళ్లో మనం మనం మాట్లాడుకుని ఈ ఏర్పాటు చేసుకుందాం.

మన జాగ్రత్త ఒక్కటే చాలదు. లైను మరమ్మతుకు కరెంటు తీసే ముందు రోజే రైతు ఫోనుకు కబురు రావాలి. గాలి పంపుకు బ్యాకప్ లేని యూనిట్‌ను పూర్తయినట్టు ఏ అధికారీ సంతకం పెట్టకూడదు, ఆ ఖర్చు కూడా సబ్సిడీ లెక్కలో ఉండాలి. కరెంటు వచ్చిన మూడో రోజు చచ్చిన చేపను కూడా కరెంటు కోత నష్టంగానే రాయాలి. అందుకు రుజువు కావాలి కాబట్టి, కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, నీటి పరీక్షలు ఇవాళ్టి నుంచే నోటు పుస్తకంలో రాయండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకురండి. వాటిని ముందు పెట్టే అధికారులతో మాట్లాడదాం.