ఆదవాని దుర్గము: పదేండ్ల పొలిమేర కాపు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్న నన్ను, మన సీమచరిత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువా రాజ్ఞాపించిరి. ఉదయము కొందరు సోదరులు నన్ను సమీపించి, “అయ్యవారూ, ఆదవానికోటను కాచిన వీరులు మన పూర్వులేయని యొక్క మాట సెలవిండు, సంచికకు వన్నె వచ్చును” అనిరి. సాక్ష్యము లేని మాట పలుకుట నావలన గాదు. ఉన్నది చెప్పెదను, అందు మనకు గౌరవలోప మేమియు లేదు.

కౌటిల్యుడు దుర్గములను నాలుగు విధములుగా విభజించెను. అందు ఆదవాని గిరిదుర్గము. విజయనగర ప్రభువులకు ప్రీతిపాత్రమైన యీ కోట, 1565 సం॥న తళ్ళికోట యుద్ధము ముగిసిన మూడేండ్లకు బిజాపురమువారి కధీనమాయెను. తరువాత మొగలాయీలు, వారి వెనుక నిజాములు వచ్చిరి. 18వ శతాబ్ది నడుమ నిజాము సోదరుడగు బసాలత్ జంగు దీనిని జాగీరుగా పొంది, ఇచ్చటనే కొలువుదీరి, ఫ్రెంచి సేనానుల నుంచుకొని సైన్యమును పెంచెను. 1770 దశకమున బళ్ళారి, గుత్తి దుర్గములు హైదరాలీ వశము కాగా, ఆదవాని నిజాము రాజ్యమునకు దక్షిణపు పొలిమేర దుర్గమాయెను. ఆ పదవి పట్టుమని పదేండ్లు నిలిచెను.

హైదరాలీ దీనిని గెలువలేకపోయెను. 1782 సం॥న బసాలత్ జంగు గతించి యిచ్చటనే సమాధి చేయబడెను. కుమారుడు మహబత్ జంగు జాగీరునకు వచ్చెను. 1786 సం॥ జూన్ మాసమున టిప్పుసుల్తాను కోటను ముట్టడించెను. అతని దాడులను లోనివారు త్రిప్పికొట్టిరి. అంతలో నిజాము సేనయు, మహారాష్ట్రుల సేనయు సాయము వచ్చెను. కోట దక్కినదని యెవరైన ననుకొందురు. కాని యది వానకాలము. వెనుక తుంగభద్ర పొంగనున్నది. పొంగినయెడల నావలినుండి గింజ రాదు. ఈవలివారికి మరలిపోవ దారి లేదు. కావున వారు అంతఃపుర స్త్రీలను, పరివారమును వెంటబెట్టుకొని నది దాటి రాయచూరు చేరిరి. విడిచిన కోటలో టిప్పు ప్రవేశించి, ప్రాకారములను పడగొట్టించి, ఫిరంగులను గుత్తి మొదలగు చోట్లకు తరలించెను. పిమ్మట ఊరు నిజామునకు మరల వచ్చినను, 1800 సం॥న కుంపినీవారికి దత్తము కాగా, ఆ పొలిమేర కాపు కథ ముగిసెను.

ఇందు మనము గ్రహింపవలసిన దేమి? కొండ జారలేదు; కాచినవారి ధైర్యము తప్పలేదు. ఏటికావలి ధాన్యమును నమ్ముకొనుటయే ముప్పు తెచ్చెను. కోటకును నదికిని నడుమ నున్నది మన యెమ్మిగనూరు సీమయే. ఆ యేడు రెండు పక్షముల సేనలును త్రొక్కిన నేల యిది.

అయినను గోడలు పడిన యూరు పడిపోలేదు. 19వ శతాబ్దమునను ఆదవాని నేతబట్టలకును, జమఖానాలకును పేరుగాంచెను. పిమ్మట ప్రత్తి వ్యాపారమునకు పెద్ద సంతయాయెను. ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు 1938 సం॥న చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిరి. ఫిరంగులు కాపాడజాలని యూరిని పడుగు పేకలు నిలిపినవి. 1953 సం॥న ఆంధ్రరాష్ట్ర మవతరింపగా ఆదవాని తాలూకా బళ్ళారి జిల్లానుండి కర్నూలు జిల్లాకు మారెను. ఎల్లలు మారినను మగ్గపు గుంట మారలేదు. మన పూర్వులు కోటను కాచిరో లేదో గాని, కోట పోయిన పిదప ఊరిని విడువక యుండిరి. చెప్పుకొనదగిన గొప్ప యిది.

పోషకమహాశయులారా, మీ యౌదార్యము మాకు శిరోధార్యము. అయినను సంఘము ఏటేట మీ చేతివైపే చూచుచు కూర్చున్నచో, మనమును తుంగభద్ర కావలి ధాన్యమును నమ్ముకొన్నవార మగుదుము. ఇంటికి ఇంత యని చందా వేసికొని, విద్యార్థుల నిధి మన ముంగిటనే పెంచుకొందము. మఱియు, మీ యిండ్ల యటుకలపై చెదలు తినుచున్న పాత లెక్కపుస్తకములను, దస్తావేజులను దులిపి సంఘమునకు చూపుడు. అవి చదువుటకు నా కన్నులింకను పనిచేయుచున్నవి.

సెలవు. స్వస్తి.