పంచాయతీ ట్రాక్టరు గేరుబాక్సు: ఊరిలో మనము చేయదగిన పని
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



క్రిందటి సమావేశమున నేను పారిశుద్ధ్యమును గూర్చి ప్రసంగించుచుండగా వెనుక వరుసనుండి ఒక వార్డు సభ్యురాలు లేచి, "సార్, చెత్త ఎత్తుడు గురించి మాకు తెలుసు. మా బండి నెల రోజుల సంది షెడ్డుల పడి ఉన్నది. గేరు పడుతలేదు. గేరుబాక్సు మనమే విప్పి బాగు చేసుకోవచ్చా, లేదా? అది చెప్పండి" అని అడిగినారు. నావద్ద సమాధానము లేకపోయినది. నేను ప్రచారశాఖ ఉద్యోగిని గాని మెకానిక్కును కాను. అయినను ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పట్టణములో ట్రాక్టర్లు బాగుచేయు ఒక షెడ్డులో నాలుగు దినములు పెద్ద మేస్త్రీ ప్రక్కన కూర్చుండి, చూచినది చూచినట్లు వ్రాసికొంటిని. అదియే నేడు మీకు విన్నవించుచున్నాను.

2019 లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణములోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చెత్త మోయుట, మొక్కలకు నీరు పోయుట, ఎండాకాలమున బోర్లు ఎండినచోట త్రాగునీరు చేరవేయుట, ఇన్ని పనులు ఆ ఒక్క బండిమీద ఆధారపడియున్నవి. రైతు తన సొంత ట్రాక్టరు నూనెను తానే చూచుకొనును. పంచాయతీ బండి అందరిది. డ్రైవరు కార్యదర్శి చూచుననుకొనును, కార్యదర్శి డ్రైవరు చూచుననుకొనును, సర్పంచి ఇద్దరును చూతురనుకొనును. ఆ నడుమ గేరుబాక్సులో నూనె తగ్గిపోవును.

గేరుబాక్సు అనగానేమి? ఇంజను వేగముగా తిరుగును గాని దాని త్రిప్పుడు బలము తక్కువ. చిన్న పండ్లచక్రము పెద్ద పండ్లచక్రమును త్రిప్పినచో వేగము తగ్గి బలము పెరుగును. నిండిన ట్యాంకరును చెరువుకట్ట మీదికి ఎక్కించునది ఈ ఉపాయమే. ఆ పండ్లు ఒకదానినొకటి నేరుగా తాకక, నడుమ పలుచని నూనె పొర నిలిచియుండును. ఆ పొర ఉన్నంతకాలము ఉక్కు అరగదు. మన దేశపు ట్రాక్టర్లలో పెక్కింట గేరుబాక్సునకు, వెనుక ఇరుసునకు, బరువెత్తు హైడ్రాలిక్ లిఫ్టునకు ఒకే నూనె. కనుక అది చెడినచో మూడును చెడును.

ఇటీవల కారు కొన్నవారు ఆటోమేటిక్ గేరుబాక్సు మాట వినియుందురు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కారులలో హైడ్రామాటిక్ అను పేర దానిని ప్రవేశపెట్టినది. పూర్తి ఆటోమేటిక్ రకములలో సాధారణముగా కాలితో నొక్కు క్లచ్చి ఉండదు. ఇంజను త్రిప్పు చక్రము నూనెను విసరగా, ఆ నూనె తాకిడికి ఎదుటి చక్రము తిరుగును. గేర్లు మార్చునదియు నూనె ఒత్తిడియే. ఆ దేశమున కొందరు ఔత్సాహికులు దీనిని తమ ఇంటి షెడ్డులోనే విప్పి, అరిగిన పలకలు, సీళ్లు మార్చి మరల బిగింతురు. వారు పాటించు నియమములు విన్నప్పుడు నాకు మన ఊరి షెడ్డులు జ్ఞప్తికి వచ్చినవి. నూలుపోగు రాలు గుడ్డతో తుడువరు, ఏలయన ఆ పోగు సన్నని నూనెదారిలో చిక్కి కవాటమును నిలిపివేయును. క్రొత్త పలకలను బిగించుటకు ముందు నూనెలో నానబెట్టుదురు. తీసిన ప్రతి భాగమును తీసిన వరుసలోనే బల్లపై పేర్తురు. మన ట్రాక్టరు గేరుబాక్సు దానికంటె ఎంతో సరళము, మొరటు. అయినను దుమ్ము దానికిని శత్రువే. చెత్తబండి పక్కన, గాలి వీచు ఆరుబయట గేరుబాక్సు మూత తెరచుట నేను కన్నులార చూచితిని.

ఇక ఊరిలో మన చేతనైన పని. మొదటిది నూనె చూచుట. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, లిఫ్టు చేతులు క్రిందికి దింపి, కొంతసేపు ఆగి, కొలతకడ్డీ తీసి చూడవలెను. కడ్డీపై రెండు గీతలుండును. నూనె వాటి నడుమ ఉండవలెను. మట్టమొకటే కాదు, రంగును చూడవలెను. మజ్జిగవలె తెల్లబారినచో అందులో నీరు కలిసినది. పంచాయతీ బండిలోనికి నీరు ఎట్లు వచ్చును? ట్యాంకరు నింపుటకు చక్రములు మునుగునంత దూరము చెరువులోనికి దింపుట ఒక దారి. వేగపు నీటిపైపును నేరుగా లివర్ల అడుగున కొట్టి కడుగుట మరొక దారి. గేరుబాక్సుపై గాలి వదలు చిన్న గొట్టముండును, దానిని బ్రీదరు అందురు. అది మట్టితో పూడినచో లోపలి వేడిగాలి బయటికి పోలేక సీళ్ల సందులగుండ నూనెను నెట్టును. పెక్కుమంది సీలు మార్పించి డబ్బు ఖర్చుచేయుదురు గాని ఆ చిన్న గొట్టమును తుడువరు. మార్చిన సీలు మరల కారును.

నూనె మార్చుటయు ఊరిలో చేయదగినదే. పలు కంపెనీల పుస్తకములలో సుమారు వేయి గంటల పనికి ఒకసారి మార్చవలెనని యుండును. క్రొత్త బండికి మొదటి మార్పు ఇంకను ముందే వచ్చును. గంటలనగా మీటరులో కనబడు ఇంజను గంటలు. రోజునకు 3 గంటల చొప్పున 300 దినములు నడచిన బండికి 900 గంటలగును, అనగా ఇంచుమించు ఏడాదికొక మారు. బండి నడచి నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపినచో మడ్డి అంతయు దిగును. డ్రెయిన్ బోల్టునకు అయస్కాంతమున్నచో దానిని వేలితో తాకి చూడుడు. బూడిదవంటి మెత్తని పొడి సహజమైన అరుగుదల. గోటి ముక్కవంటి ఉక్కు పెళ్ల కనబడినచో, బండిని అక్కడనే ఆపి మేస్త్రీకి కబురు పంపవలెను. దింపిన పాత నూనెను మోరీలో గాని బావి దాపున గాని పోయరాదు. డబ్బాలో పట్టి, పాత నూనె సేకరించువారికి ఈయవలెను.

నూనె రకమును గూర్చి ఒక మాట. చాల ట్రాక్టర్ల బ్రేకులు నూనెలో మునిగియుండును. వాటికి ప్రత్యేకమైన నూనె కలదు, బండి పుస్తకమున దాని పేరుండును. చౌకయని లారీ గేరునూనె పోసినచో బ్రేకులు కీచుమని అరచును, పలకలు త్వరగా చెడును. ఆదా చేసిన వందలు వేలుగా తిరిగి వచ్చును. టెండరులో ధర వ్రాయుటకు ముందు నూనె పేరు వ్రాయుడు.

గేరు పడకపోవుటకు కారణము ఎల్లప్పుడు గేరుబాక్సు కాదు. క్లచ్చి పూర్తిగా విడువనందున కూడ గేరు కీచులాడును. పెడలును చేతితో నొక్కి చూచినచో మొదట కొంతదూరము తేలికగా దిగవలెను. ఆ ఖాళీ ఎంతయో పుస్తకమునందుండును. ఖాళీ మరీ ఎక్కువైనచో క్లచ్చి విడువదు, అసలే లేనిచో ప్లేటు కాలిపోవును. రెండును రాడ్డు నట్టు త్రిప్పి సరిచేయవచ్చును. ఆ సభ్యురాలి ఊరి బండిని నేను మేస్త్రీతో కూడ పోయి చూచితిని. నెల దినములు నిలిచిన ఆ బండికి ఈ నట్టు సర్దుబాటే కావలసివచ్చినది. అరగంట పట్టినది. ఆ నెలయంతయు ఊరి దళితవాడకు నీరు అద్దె ట్యాంకరుతో వచ్చినది, దాని బిల్లు నేను చూచితిని.

మరి విప్పవచ్చునా? పై మూత తీసి పండ్లు చూచుటవరకు అనుభవజ్ఞుడు ఊరిలో చేయవచ్చును. క్లచ్చి ప్లేటు మార్చుటకు మాత్రము బండిని నడుమకు రెండుగా విడదీయవలెను. టన్నుకు పైబడిన ఇనుమును జాకీలు, మొద్దులపై నిలుపు పని అది. మొద్దు జారినచో క్రింద నున్నవాని కాలు పోవును, ప్రాణమును పోవచ్చును. ఊరిలో దానికి అనుమతి ఈయవద్దని నా మనవి. షెడ్డునకు పంపుడు, అయితే బండితోబాటు ఒక సభ్యుని కూడ పంపుడు. విప్పునపుడు సెల్‌ఫోనుతో వరుసగా ఫోటోలు తీయించుడు. బేరింగుల క్రింద కాగితమంత పలుచని రేకులుండును, అవి ఎక్కడివి అక్కడనే పడవలెను. తీసిన సీళ్లు, గ్యాస్కెట్లు మరల వేయనీయవద్దు. మార్చిన పాత భాగములను సంచిలో తెచ్చి పంచాయతీ కార్యాలయమున సభ్యులందరికి చూపిన తరువాతనే బిల్లు చెల్లించుడు. మా మేస్త్రీ ఈ మాటకు నొచ్చుకొనలేదు సరిగదా, "పాత సామాను అడిగేటోళ్ల బండి నేను ఇంకా జాగ్రత్తగా చేస్త" అన్నాడు.

డ్రైవరులను గూర్చి నేను తక్కువ చెప్పెదను, వారికి తెలియనిది కాదు. కాలు ఎల్లప్పుడు క్లచ్చిపై మోపియుంచరాదు. హై, లో లివరు బండి నిలిచిన పిమ్మటనే మార్చవలెను. బరువుతో కట్ట దిగునపుడు న్యూట్రలు చేయుట గేరుబాక్సునకు కాదు, మనుష్యులకే ముప్పు.

ఒక్క తీర్మానము మాత్రము నేడే చేయవచ్చును. నూనె చూచువాని పేరు, చూచు వారము, మీటరు గంటలు, ఈ మూడును వ్రాయు ఒక నోటుపుస్తకము బండి షెడ్డులో వ్రేలాడవలెను. ఆ పేరు ఒక్కరిదే కావలెను.

ఈ ఊరి బండి బయట చెట్టుక్రింద నిలిచియున్నది. ఉదయమునుండి ఇంజను ఆపియే యున్నదట. రండు, కొలతకడ్డీ తీసి చూతము.