వాదము - సంవాదము



‘వాదము’ అనగానే మన చెవికి కలహమే వినబడుతుంది. ‘పెద్దలతో వాదించకు’ అని పిల్లలను మందలిస్తాము. శాస్త్రంలో ఆ శబ్దానికి ఈ అపకీర్తి లేదు. గౌతమమహర్షి న్యాయసూత్రాలలో కథను మూడు విధాలుగా విభజించినారు. తత్త్వనిర్ణయం కొరకు చేసేది వాదము. గెలుపు కొరకు చేసేది జల్పము. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాని మాటను ఖండించుటే పనిగా పెట్టుకొన్నది వితండ. చిత్రమేమంటే, మన తెలుగువారు వితండను మాత్రం చెక్కుచెదరకుండా దాచుకొన్నాము!

ఆ మహర్షియే దృష్టాంతానికి ఒక లక్షణం చెప్పినారు. లౌకికునికీ, పరీక్షకునికీ ఏ విషయంలో బుద్ధి సమానంగా ఉంటుందో అదే దృష్టాంతము. కొండపై పొగ కనబడితే నిప్పు ఉన్నదనుటకు వంటిల్లు ఉదాహరణ. నేడు గ్యాసుపొయ్యి ముందు పెరిగిన బాలునికి వంటింటి పొగ తెలియదు. అతడు తెల్లబోతే మందమతి అనరాదు. దృష్టాంతమే అతనిది కాదు.

యవనరాజు మిళిందుడు నాగసేనభిక్షువును ప్రశ్నించగోరిన వృత్తాంతం పాళీభాషలోని మిళిందపన్హలో కలదు. పండితులవలె సంభాషించేటట్లయితే సరే, రాజులవలె అయితే కాదని భిక్షువు తెలిపినాడు. పండితుడు తన మాట వీగిపోయినా కోపించడు. రాజు కాదన్నవానిని దండిస్తాడు. రాజు ఆ నియమానికి ఒప్పుకొన్నాడు. అంతకుముందే ఆత్మవిచారానికి భిక్షువు తెచ్చిన దృష్టాంతం ఏది? ఆ రాజు ఎక్కివచ్చిన రథమే! దేశం వేరు, మతం వేరు, రథం మాత్రం ఇద్దరికీ తెలిసినది.

13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు పండితులకు సంస్కృతంలో భాష్యం వ్రాసి, సామాన్యులకు జానుతెనుగున ద్విపద చెప్పినదీ ఈ ఎరుకతోనే.

ఇక మన ఇండ్లకు వద్దాము. విదేశంలో ఉన్న కుమారుడు ఫోనులో అడుగుతాడు: “అమ్మా, ఊళ్లో ఇల్లు అమ్మేద్దామా?” తల్లి ఒక్క క్షణం ఆగి, “మీ ఇష్టం నాయనా” అంటుంది. అతడు బేరం కుదుర్చుకొంటాడు. అతడు పనిచేసే చోట, అభ్యంతరమున్నవారు పైకి చెప్పవలె, చెప్పనివారు ఒప్పుకొన్నట్లే. ఆమె పెరిగిన ఇంట, ఎదిగిన కొడుకు మాటను కోడలు వినగా కాదనుట మర్యాద కాదు. ఆ క్షణకాలపు మౌనమే ఆమె చెప్పిన ‘వద్దు’. ఇద్దరిలో కపటం లేదు. అయినా తులసికోటతో సహా ఇల్లు పరులదవుతుంది.

ఇది జల్పమూ కాదు, వితండా కాదు. అసలు వాదమే జరుగలేదు. నాగసేనుడు కోరిన అభయం ఆ తల్లికెవరూ ఇవ్వలేదు. ఆమె నోరు తెరచి అడుగదు. డబ్బూ నిర్ణయమూ ఎవరి చేతిలో ఉన్నవో వారే ముందుగా ఇవ్వవలె. “అమ్మేద్దామా?” అన్న ప్రశ్నకు ‘మీ ఇష్టం’ తప్ప ఆమెకు వేరు జవాబు లేదు. “ఇల్లు ఉంచుకొంటే నీకు ఎట్లా గడుస్తుందో చెప్పమ్మా, నీవు వద్దన్నా నాకు కష్టం లేదు” అని, రిజిస్ట్రేషనుకు ముందే వచ్చి, వసారాలో ఆమె ప్రక్కన కూర్చుండి అడిగిన కుమారునికి వేరొక జవాబు దొరుకవచ్చును.