విషపు దాడులు: ప్రభుత్వ సన్నాహాలు, మన బాధ్యత

(బీచుపల్లి ఆరోగ్య శిబిరంలో ఒక నర్సు చేసిన ప్రసంగం)



బీచుపల్లి శిబిరంలో ప్రతిసారీ బీపీ, షుగరు, రక్తహీనత, గర్భిణీ స్త్రీల ఆహారం గురించి మాట్లాడుతుంటాను. ఈసారి ఉగ్రవాదులు వాడగల విషవాయువులు, రోగక్రిములు, అణు పదార్థాల గురించి చెబుతానన్నాను. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ నవ్వింది. "మా ఊరి మీద బాంబేసేటోడు ఎవడున్నడు సిస్టరమ్మా? మాకాడ ఏమున్నదని?" అని అడిగింది. ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం. శిబిరానికి రాలేకపోయిన మీరు దీనిని చదివి, ఇంట్లో నలుగురికీ వినిపించాలని కోరుతున్నాను.

మన దగ్గర ఏమున్నది?

పెద్దమ్మ అన్నట్టు మన మీద పగబట్టి వచ్చేవారు ఎవరూ లేకపోవచ్చు. కానీ ఒక్కసారి చుట్టూ చూడండి. మనకు కృష్ణ మీద వంతెన ఉంది. దాని మీదుగా హైదరాబాదు నుండి కర్నూలుకు 44వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. రాత్రీ పగలూ టాంకర్లు నడుస్తూనే ఉంటాయి. వాటిలో ఏముందో మనలో ఎవరికి తెలుసు? గద్వాల చేలల్లో పత్తికి కొట్టే పురుగు మందు ప్రతి ఇంటి మూలన ఉంటుంది. 2016 ఆగస్టు 12 నుండి 23 వరకు జరిగిన పుష్కరాలలో మన ఘాట్ల మీద ఎంత జనం వచ్చారో మీరే చూశారు. 2028లో మళ్ళీ పుష్కరాలు వస్తాయి.

ఉగ్రవాది వదిలినా, టాంకరు బోల్తా పడి కారినా, విషం మనిషి ఒంట్లో చేసే పని ఒక్కటే. మనం చేయవలసిన పని కూడా ఒక్కటే. అందుకే ఇది ఢిల్లీ వాళ్ళు మాత్రమే ఆలోచించే విషయం కాదు.

ప్రభుత్వం ఏమి సిద్ధం చేసింది?

చాలానే చేసింది. మనం దానిని తక్కువ చేసి మాట్లాడకూడదు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. దాని కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ 2008లో రోగక్రిముల వల్ల వచ్చే విపత్తుల మీద, 2009లో రసాయన ఉగ్రవాదం మీద, అణు ప్రమాదాల మీద మార్గదర్శకాలు ప్రచురించింది. 2006లో జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్డీఆర్ఎఫ్, మొదలైంది. ఇప్పుడు దానికి 16 పటాలాలు ఉన్నాయి. విషవాయువులోకి వెళ్ళగలిగే దుస్తులు, ముఖానికి తొడుగులు, వాయువును కనిపెట్టే యంత్రాలు వారి దగ్గర ఉంటాయి. 2025 మే 7న హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో పౌర రక్షణ మాక్ డ్రిల్ కూడా జరిపారు.

అయితే తెలుగు రాష్ట్రాలకు దగ్గరగా ఉన్న ఎన్డీఆర్ఎఫ్ పదో పటాలం విజయవాడ పక్కన ఉంది. మన బీచుపల్లిలో ఉన్న పదో పటాలం రాష్ట్ర ప్రత్యేక పోలీసులది. పేరులో పది ఉంది కదా అని రెండూ ఒకటే అనుకోవద్దు.

విశాఖపట్నంలో ఏమి జరిగిందో గుర్తు చేసుకోండి. 2020 మే 7 తెల్లవారుజామున సుమారు 3 గంటలకు ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి ఆర్ఆర్ వెంకటాపురం మీదికి వచ్చింది. అది దాడి కాదు, ప్రమాదం. జనం నిద్రలో ఉన్నారు. అక్కడ సైరన్ ఏర్పాటు ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం నియమించిన కమిటీ తర్వాత తేల్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రసాయనాలలో ప్రత్యేక శిక్షణ పొందిన దళాన్ని పూణే నుండి విమానంలో రప్పించారు. ఆ దళం వచ్చేలోపు, రోడ్డు మీద పడిపోయిన వారిని ఎత్తినది ఎవరు? ఇరుగుపొరుగు వారు, స్థానిక పోలీసులు, 108 సిబ్బంది. అంత పెద్ద నగరంలోనే అలా జరిగితే మన దగ్గర మొదటి రెండు మూడు గంటలు ఎవరు చూడాలి? మీరు, నేను, ఆశా కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.

జపాన్‌లో ఒక మిషన్ ఆసుపత్రి

1995 మార్చి 20 ఉదయం టోక్యో నగరంలో ఓం షిన్రిక్యో అనే ముఠా భూగర్భ రైళ్ళలో సారిన్ అనే విషాన్ని వదిలింది. చివరికి 14 మంది చనిపోయారు. ఐదు వేల మందికి పైగా ఆసుపత్రులకు పరుగెత్తారు. అంబులెన్సు కోసం ఆగకుండా కాలినడకన, టాక్సీలలో వచ్చినవారే ఎక్కువ. అందరికంటే ఎక్కువ మంది చేరినది సెయింట్ లూక్స్ ఆసుపత్రికి. ఒక మిషనరీ డాక్టరు నూరేళ్ళకు పైగా క్రితం స్థాపించిన ఆసుపత్రి అది. ఆ ఒక్క రోజే 640 మంది వచ్చారు.

ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు షిగెయాకి హినోహారా ముందుచూపు ఉన్న మనిషి. 1992లో కొత్త భవనం కట్టినప్పుడు వరండాలలో, ప్రార్థనాలయంలో కూడా ఆక్సిజన్ గొట్టాలు పెట్టించారు. ఆ రోజు ప్రార్థనాలయమే వార్డు అయింది. సన్నద్ధత అంటే ఇదే. పని పడని రోజున వృథా ఖర్చులా కనిపిస్తుంది, పని పడిన రోజున ప్రాణం నిలుపుతుంది.

కానీ ఒక పొరపాటు జరిగింది. వచ్చినవారిని బట్టలు మార్చకుండా, ఒళ్ళు కడగకుండా లోపలికి తీసుకున్నారు. బట్టలలో ఉన్న విషం ఆవిరై గదులలో నిండింది. తర్వాత సిబ్బందిని అడిగితే, జవాబు చెప్పిన 472 మందిలో 110 మందికి కళ్ళు మసకబారడం, తలనొప్పి వంటి బాధలు కలిగాయి. గాలి సరిగా ఆడని ప్రార్థనాలయంలో పనిచేసినవారికే ఎక్కువ బాధ కలిగింది.

ఇది నాకెలా తెలుసు?

ఆ పొరపాటు నేనూ చేశాను కాబట్టి తెలుసు. ఇది సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

సారిన్ ఎక్కడి విషమో కాదు. మన పత్తి చేలో కొట్టే కొన్ని పురుగు మందుల జాతిదే, వాటికంటే ఎన్నో రెట్లు బలమైనది. రెండింటికీ లక్షణాలు ఒకటే: కంటిపాప సూదిమొనలా చిన్నదవుతుంది, నోట నురుగు వస్తుంది, చెమటలు కారుతాయి, కండరాలు అదురుతాయి, ఊపిరి ఆడదు. రెండింటికీ మొదటి మందు ఒకటే, అట్రోపిన్ ఇంజక్షన్.

చాలా ఏళ్ళ క్రితం, పత్తికి మందు కొట్టే రోజులలో, ఒక సాయంత్రం ఇరవై ఏళ్ళ అబ్బాయిని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తెచ్చారు. వీపుకు కట్టుకున్న పంపు కారి చొక్కా, లుంగీ మందుతో తడిసిపోయాయి. నేను పరుగున సెలైన్ ఎక్కించాను, డాక్టరు గారు చెప్పినట్టు అట్రోపిన్ మీద అట్రోపిన్ ఇచ్చాను. అబ్బాయి తేరుకోలేదు. అరగంటకు, అతని తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి వాంతి చేసుకుంది. ఆయమ్మ కళ్ళు మసకగా ఉన్నాయంది. నాకూ తల తిరిగింది. అప్పుడు గాని నాకు తట్టలేదు. పైనుండి నేను విరుగుడు ఎక్కిస్తున్నాను, తడిసిన చొక్కా నుండి చర్మం ద్వారా విషం లోపలికి పోతూనే ఉంది.

కత్తెరతో చొక్కా కత్తిరించి, సబ్బుతో మూడుసార్లు ఒళ్ళు, తల కడిగాము. తల్లి చీర మార్పించి ఆమెకూ స్నానం చేయించాము. దేవుని దయవల్ల ఇద్దరూ బతికారు. అరగంట ముందే ఆ పని చేసి ఉంటే ఆ తల్లికి వాంతి అయ్యేది కాదు. నర్సింగు పుస్తకంలో చదివిన విషయమే అది. తొందరలో చేతికి రాలేదు. అందుకే మీకు పదే పదే చెబుతున్నాను: ముందు బట్టలు, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే ఇంజక్షన్లు, మంచాలు. మనిషికి ఊపిరి ఆగిపోతున్నదనుకుంటే చికిత్స ఆపకూడదు, ఒకరు ఇంజక్షన్ ఇస్తుండగా ఇంకొకరు బట్టలు తీయాలి.

మీరు చేయవలసినవి

1. ఘాటు వాసన వచ్చినా, ఒకేచోట మనుషులు, పక్షులు, పశువులు పడిపోతున్నా అక్కడికి గుంపుగా వెళ్ళవద్దు. గాలి ఎటు వీస్తున్నదో చూసి, దానికి అడ్డంగా దూరం జరగండి. ఇటువంటి వాయువులు చాలావరకు గాలికంటే బరువైనవి, పల్లంలో నిలుస్తాయి. కాబట్టి ఏటి వైపు కాకుండా మెట్ట వైపు వెళ్ళండి.

2. బయటికి పోయే దారి లేకపోతే ఇంట్లోనే ఉండి తలుపులు, కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డ పెట్టండి. ముక్కు, నోటికి తడిగుడ్డ కట్టుకోండి.

3. 112కు గాని 108కు గాని ఫోను చేయండి. ఏమి చూశారో, ఎంతమంది పడిపోయారో, ఏ వాసన వచ్చిందో చెప్పండి. టాంకరు అయితే దాని మీది నంబరు దూరం నుండే చూసి చెప్పండి.

4. బాధితుని బట్టలు తల మీదుగా లాగవద్దు, కత్తిరించండి. మీ చేతులకు గ్లోవ్స్ లేకపోతే ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. తీసిన బట్టలను కవరులో కట్టి బయటే ఉంచండి. ఆడవారికి చీరలతో చాటు కట్టండి. సిగ్గు వల్ల ఆలస్యం కాకూడదు.

5. ఒళ్ళంతా సబ్బుతో, ధారాళంగా నీళ్ళతో కడగండి. కళ్ళను పదిహేను నిమిషాలు మంచినీళ్ళతో కడగండి. బ్లీచింగు పౌడరు ఒంటికి రాయవద్దు.

6. నోటిలో నోరు పెట్టి ఊదవద్దు. ఉప్పు నీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు.

రోగక్రిములు, అణు పదార్థాలు

రోగక్రిములతో చేసే దాడికి చప్పుడు, వాసన ఉండవు. 2001లో అమెరికాలో ఉత్తరాలలో ఆంత్రాక్స్ పొడి పెట్టి పంపారు. 22 మందికి జబ్బు వచ్చింది, ఐదుగురు చనిపోయారు. మన గొర్రెల కాపరులు దొమ్మ రోగం అనేది ఇదే. ఫ్లోరిడాలో ఒక డాక్టరు రోగి వెన్నునీటిని సూక్ష్మదర్శినిలో చూసి అనుమానించడంతో విషయం బయటపడింది. సైన్యం కాదు, మంచం పక్కన ఉన్న మనిషే మొదట కనిపెట్టాడు.

మన దేశంలో 2004లో వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. ఊరిలో ఎంతమందికి జ్వరాలు, విరేచనాలు వచ్చాయో ఏఎన్ఎం పై అధికారులకు తెలుపుతుంది. ఆమె మీ ఇంటికి వచ్చి అడిగినప్పుడు "ఏమీ లేదు పో" అనవద్దు. ఒకే వారంలో ఒకే వీధిలో చాలామందికి ఒకే రకం జబ్బు వచ్చినా, మందలో గొర్రెలు ఒక్కసారిగా చనిపోయినా, అదే రోజు చెప్పండి. చచ్చిన గొర్రెను కోయవద్దు.

అణు పదార్థం విషయానికి వస్తే, 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుప సామాను బజారుకు కోబాల్టు ఉన్న పాత యంత్రం చేరింది. తెలియక విప్పారు. ఒకరు చనిపోయారు. పసుపు రంగు మీద మూడు రెక్కల పంకా వంటి నల్ల గుర్తు ఉన్న పెట్టె కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. పాత ఇనుము కొనేవారికి ఈ మాట తప్పక చెప్పండి.

పుకార్లు కూడా విషమే

2025 నవంబరులో గుజరాత్ పోలీసులు హైదరాబాదుకు చెందిన ఒక వైద్యుణ్ణి అరెస్టు చేశారు. ఆముదపు గింజల నుండి వచ్చే రైసిన్ అనే విషం తయారు చేయబోయాడని ఆరోపణ. నిజం తేల్చవలసినది న్యాయస్థానం. ఆ వార్త విని మన పాలమూరు ఆముదం రైతులు కంగారు పడవద్దు. విషం నూనెలో ఉండదు, గింజలో, పిండి చెక్కలో ఉంటుంది. ఆముదం చెక్క తిని పశువులు చావడం మన పెద్దలకు తెలిసినదే. పిల్లలను గింజలు నమలనివ్వకండి, అంతే.

ఒక మనిషి మీద ఆరోపణ వస్తే అతని మతం వారందరినీ, ఊరందరినీ అనుమానించడం తప్పు. నీళ్ళ ట్యాంకులో విషం కలిపారని ఫోనులో వచ్చిన ప్రతి మాటనూ పదిమందికి పంపడం కూడా తప్పే. ముందు పంచాయతీని, ఆరోగ్య కేంద్రాన్ని అడగండి.

మనం అడగవలసినవి

ప్రభుత్వాన్ని తిట్టడం వల్ల లాభం లేదు, అడగడం వల్ల ఉంది. గ్రామసభలో ఈ నాలుగు అడగండి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్ ఎంత నిల్వ ఉంది? ఆసుపత్రి గేటు బయట, లోపలికి రాకముందే ఒళ్ళు కడగడానికి కుళాయి, చాటు ఉన్నాయా? వంతెన మీద టాంకరు పడితే ముందుగా ఎవరికి ఫోను పోతుంది? 2028 పుష్కరాలకు ముందు మన ఘాట్ల దగ్గర ఒక మాక్ డ్రిల్ జరుపుతారా? నేను పనిచేసే ఆసుపత్రిని కూడా ఇవే ప్రశ్నలు అడిగే హక్కు మీకుంది. మేము జవాబు చెప్పవలసినదే.

శిబిరం ముగిశాక ఆ పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. "బాంబు సంగతి దేవుడెరుగు సిస్టరమ్మా, నా మనవడు రోజూ మందు కొట్టి అవే బట్టలతో వచ్చి అన్నం తింటడు" అంది. నాకు ఆ ఒక్క మాట చాలు. ఈ రాత్రి నుండే ఆ అబ్బాయి బయట బట్టలు మార్చి, సబ్బుతో కడుక్కుని ఇంట్లోకి వస్తే, ఎప్పుడో రాబోయే పెద్ద ఆపదకు ఆ ఇల్లు అప్పుడే సగం సిద్ధమైనట్లే. మీ ఇంట్లో కూడా ఈ రోజే మొదలుపెట్టండి.